డిశ్చార్జి తర్వాతి పలకరింపు

గుండె ఆపరేషన్ చేయించుకుని కోలుకున్న నలుగురు 1951లో సర్జన్ డ్వైట్ హార్కెన్ ప్రోత్సాహంతో బోస్టన్‌లో మెండెడ్ హార్ట్స్ సంఘం పెట్టారు. సభ్యులు కొత్త రోగుల మంచాల దగ్గరికెళ్లి మాట్లాడేవారు. గుండెకు కత్తి పెట్టడమంటేనే హడలిపోయే ఆ రోజుల్లో, బతికి బట్టకట్టిన మనిషి ఎదుట కూర్చోవడమే సగం ధైర్యం.

హార్ట్ ఫెయిల్యూర్‌ది వేరే దారి. ఇంటికెళ్లాక ఉప్పు పెరిగినా, మాత్రలు మానేసినా ఒంట్లో నీరు చేరి రోగి మళ్లీ ఆస్పత్రి పాలవుతాడు. సెయింట్ లూయిస్‌లో 70 ఏళ్లు నిండిన 282 మందిపై మైకేల్ రిచ్ బృందం జరిపిన అధ్యయనం 1995లో వెలువడింది. నర్సుల ఆధ్వర్యంలో సాగిన సంరక్షణ వల్ల ఈ జబ్బుతో తిరిగి ఆస్పత్రిలో చేరడం 56 శాతం తగ్గింది. 2012 అక్టోబరు నుంచి, రోగులు ఎక్కువగా తిరిగొచ్చే ఆస్పత్రులకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ చెల్లింపుల్లో కోత మొదలైంది. జీతమడగని వలంటీర్లు అక్కరకొచ్చేది ఇక్కడే. పొద్దున బరువు చూసుకున్నారా, పాదాలు వాచాయా అని ఫోన్‌లో అడగడం, తేడా ఉంటే నర్సుకు చెప్పడం వారి పని. మందు మార్చడం మాత్రం డాక్టరు వంతే.