కుడి తొడకు వేసే టీకా

పిల్లలకు న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ క్రిమిని 1881లోనే లూయీ పాశ్చర్, జార్జ్ స్టెర్న్‌బర్గ్ ఎవరికి వారుగా గుర్తించారు. చంటిబిడ్డలకు పనిచేసే టీకా మాత్రం 2000లో గానీ అమెరికాలో వాడకంలోకి రాలేదు. ఆ క్రిమి ఒంటి మీద చక్కెర పొర ఉంటుంది. రెండేళ్లు నిండని పిల్లల ఒళ్లు దాన్ని సరిగా పసిగట్టలేదు. ఆ పొరను ఒక ప్రొటీన్‌కు అతికించాకే దారి దొరికింది.

ఈ టీకా మన ప్రభుత్వ టీకాల పట్టికలోకి 2017లో కొన్ని ఉత్తరాది రాష్ట్రాల్లో వచ్చింది. తెలుగు రాష్ట్రాలకు 2021లో చేరింది.

అంతకుముందు ఇది ప్రైవేటు ఆసుపత్రుల్లోనే, ఒక్కో డోసు వేల రూపాయలకు దొరికేది. హైదరాబాద్ శివారు తెల్లాపూర్ లాంటి చోట టవర్లలో ఉండే ఐటీ కుటుంబాలు ఆ ఖర్చు భరించగలిగేవి. ఆ టవర్లు కట్టే కూలీలకు అది అందని మాట. ఇంత అన్యాయం అన్నేళ్లు సాగాల్సింది కాదు. ఇప్పుడు ఆరో వారం, 14వ వారం, తొమ్మిదో నెల నిండాక ఉచితంగా వేస్తారు. మొదటి రెండుసార్లు ఎడమ తొడకు ఐదు జబ్బుల టీకా పెంటావాలెంట్, కుడి తొడకు ఈ న్యుమోకాకస్ టీకా (పీసీవీ). పెంటావాలెంట్‌లోని హిబ్ భాగం న్యుమోనియా తెచ్చే మరో బాక్టీరియాను అడ్డుకుంటుంది.

హైదరాబాద్‌లో 1953లో మొదలైన బయోలాజికల్-ఇ సంస్థ కూడా 14 రకాల న్యుమోకాకస్‌లను ఎదుర్కొనే టీకా తయారుచేసి, 2022 డిసెంబరులో అనుమతి పొందింది.

పని కోసం సైటు మారే కూలీ కుటుంబాల పిల్లలకు మధ్యలో డోసు తప్పుతుంటుంది. టీకా కార్డు తీసుకెళ్తే మిగతావి కొత్త ఊరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో వేయించవచ్చు.