కల్లెడ అమ్మాయి దీప్తి

గ్రహణం వస్తోందంటే కడుపుతో ఉన్న కోడలిని మన ఇళ్లల్లో ఎలా చూస్తారో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. కత్తిపీట ముట్టుకోనివ్వరు. కూర తరగనివ్వరు. గదిలో కదలకుండా మెదలకుండా పడుకోబెడతారు. మా ముమ్మిడివరం వైపు పెద్దవాళ్లయితే వెలుగు చొరబడకుండా కిటికీలకు దుప్పట్లు కూడా కట్టేవారు. ఇంత చేశాక కూడా పుట్టిన బిడ్డకు పెదవి తీరు తేడాగా ఉందనుకోండి, "ఆ వేళ అదేదో తరిగి ఉంటుంది" అని తప్పు తీసుకెళ్లి తల్లి నెత్తిన పెడతారు. కడుపులో బిడ్డకు పై పెదవి కలిసేది నాలుగో వారం నుంచి ఏడో వారంలోగానట. వైద్యులు చెప్పే మాట ఇది. అప్పటికి మనలో చాలామందికి నెల తప్పిన సంగతే రూఢి కాదు కదండీ!

ఈ కబురు ఎందుకు ఎత్తానంటే, ఇవాళ నేను చెప్పబోయే పరుగుల అమ్మాయి కథ ఇలాంటి మాటల మధ్యనే మొదలైంది. ఆమె పేరు జీవాంజి దీప్తి. వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలంలో కల్లెడ అనే ఊరు. పుట్టింది 2003 సెప్టెంబరు 27న. తల చిన్నది, పెదవి, ముక్కు కొంచెం వేరుగా ఉన్నాయి. గ్రహణం వల్లనే అన్నారు. పెరిగేకొద్దీ ఎదుటివాళ్ల మాట అందుకోవడం, తన మాట చెప్పుకోవడం ఆ పిల్లకు కష్టమని తెలిసింది. ఇంకేముంది, ఊళ్లోవాళ్లు, చుట్టాల్లో కొందరు కూడా పిచ్చిది అన్నారు, కోతి అన్నారు. అనాథాశ్రమంలో ఇచ్చెయ్యమని సలహా చెప్పినవాళ్లూ ఉన్నారు. ఈ సంగతులన్నీ ఆ తల్లే తర్వాత పత్రికలవాళ్లతో చెప్పుకుంది. తోటిపిల్లలు వెక్కిరిస్తే దీప్తి ఏడుస్తూ ఇంటికి వచ్చేదట. అప్పుడు తల్లి తియ్యటి అన్నం వండి పెట్టేదట, వీలున్ననాడు కోడికూర. మామగారు పోయాక ఉన్న పొలం అమ్ముకున్న ఇల్లు అది. తండ్రికి రోజుకు నూరో నూటయాభయ్యో కూలి. తల్లీ పనికి వెళ్లేది. వండి పెట్టడం తప్ప ఆవిడ చేతిలో ఇంకేం ఉందో మీరే చెప్పండి.

కల్లెడ బళ్లో ఆటల మాస్టారు ఈ పిల్ల పరుగు కనిపెట్టారు. తర్వాత భారత క్రీడాప్రాధికార సంస్థ శిక్షకుడు నాగపురి రమేష్ గారి కంట పడింది. హైదరాబాదు పంపమన్నారు. బస్సు చార్జీలకే కటకటపడే ఇంట్లో అది ఎంత పెద్ద మాటో ఆలోచించండి. డబ్బు సంగతి అటుంచి, మాట సరిగా అందని ఆడపిల్లను ఊరుకాని ఊరు పంపడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? అయినా పంపారు. నన్నడిగితే ఈ కథలో అన్నిటికన్నా కష్టమైన పని అదే.

మొదట్లో దీప్తి మామూలు పిల్లలతోనే పరుగెత్తింది. మన బాడ్మింటన్ పుల్లెల గోపీచంద్ గారు ఈ అమ్మాయి తీరు గమనించి, సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో పరీక్ష చేయించమన్నారు. బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ అక్కడుంది. అక్కడ పరీక్షలయ్యాక, దీప్తికి ఉన్నది బుద్ధివికాసంలో వైకల్యమని తేలింది. ఇది పిచ్చి కాదండీ. పిచ్చి అనేది మధ్యలో వచ్చే జబ్బు, మందులున్నాయి. ఇది చిన్ననాటి నుంచీ ఉండేది, నేర్పే తీరు మార్చుకుంటే నేర్చుకుంటారు. ఈ రెంటినీ ఒకే మాటతో పిలిచి ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది పిల్లల్ని వెనకగదిలో ఉంచేశామో! ఊరు తిట్టుగా వాడిన దానికి సరైన పేరు పెట్టి, కొలిచి, కాగితం మీద రాసి ఇచ్చేసరికి ఆ కాగితమే పారా క్రీడలకు దారి అయింది.

ఆ దారి కూడా కొన్నేళ్లు మూతపడింది. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో బుద్ధివైకల్యం ఉన్నవాళ్ల బాస్కెట్‌బాల్ పోటీలో స్పెయిన్ జట్టు బంగారు పతకం గెలిచింది. తీరా చూస్తే పన్నెండుమందిలో పదిమందికి ఏ వైకల్యమూ లేదు. జట్టులో ఉన్న ఒక విలేకరే గుట్టు బయటపెట్టాడు. పతకాలు వెనక్కి తీసుకున్నారు, బాగానే ఉంది. కానీ ఆ దొంగలతోపాటు ప్రపంచంలోని నిజమైన పిల్లలందరికీ తలుపు వేసేశారు. మళ్లీ తెరిచింది 2012లో, లండన్‌లో. స్త్రీల 400 మీటర్ల పందెం ఈ తరగతికి 2016లో రియోలో వచ్చింది. అప్పటికి దీప్తికి పదమూడేళ్లు నిండబోతున్నాయి.

ఈ తరగతికి పెట్టిన పేరు టీ-20. ఆ మాట వినగానే మా ఇంట్లో మగవాళ్లు క్రికెట్ అనుకుని చెవులు నిక్కించారు లెండి. స్టేడియం చుట్టూ ఒక్క చుట్టు తిరిగితే 400 మీటర్లు. చూడ్డానికి సులువే. కానీ ఎంత గొప్పవాళ్లయినా మొదటినుంచి చివరిదాకా పూర్తి వేగంతో పరుగెత్తలేరు. ఒళ్లు బిగిసిపోతుంది. ఎక్కడ విసరాలో, ఎక్కడ అదుపులో పెట్టాలో, చివరి వంద మీటర్లకు ఎంత మిగుల్చుకోవాలో పరుగెత్తుతూనే లెక్క వేసుకోవాలి. నెలాఖరుదాకా సరుకులు సరిపెట్టే మనకు ఆ లెక్క కొంచెం తెలుసు. బుద్ధివైకల్యం ఉన్నవాళ్లకు కష్టమయ్యేది సరిగ్గా ఇలాంటి లెక్కే. అందుకే వాళ్ల పోటీ వేరుగా పెట్టారు.

2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా పారా క్రీడలు జరిగాయి. దీప్తి 56.69 సెకన్లలో పరుగు ముగించి బంగారు పతకం తెచ్చింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పోటీలు. అక్కడ 55.07 సెకన్లు! అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్ పేరున ఉన్న 55.12 ప్రపంచ రికార్డు పోయింది. కల్లెడ పిల్ల లోకంలోకల్లా మొదటిది అయింది.

ఆ రికార్డు నాలుగు నెలలైనా నిలవలేదు. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ తొలిరౌండులోనే టర్కీ అమ్మాయి అయ్‌సెల్ ఒండర్ 54.96 పరుగెత్తింది. మర్నాడు ఫైనల్. ఉక్రెయిన్‌కు చెందిన యులియా షులియార్ 55.16తో మొదట వచ్చింది, ఒండర్ 55.23, దీప్తి 55.82. కంచు పతకం. కోబెలో పరుగెత్తినట్టు పరుగెత్తి ఉంటే బంగారమే కదా అని లెక్కలు కట్టి నిట్టూర్చినవాళ్లున్నారు. ముగ్గురి మధ్య తేడా సెకను కూడా లేదు, ఆ నిట్టూర్పు నాకు నచ్చలేదు. బుద్ధివైకల్యం ఉన్న భారతీయుల్లో పారాలింపిక్ పతకం గెలిచిన మొదటి మనిషి ఈ అమ్మాయే. వయసు అప్పటికి ఇరవై ఒకటి నిండలేదు.

తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్లులో ఇంటిస్థలం ప్రకటించింది. శిక్షకుడికీ పది లక్షలు ప్రకటించారు, అది నాకు మరీ సంతోషం కలిగించింది. 2025 జనవరిలో అర్జున అవార్డు అందుకుంది. అంతకుముందే, హాంగ్‌ఝౌ పతకానికి వచ్చిన బహుమతి డబ్బుతో దీప్తి చేసిన పని ఏమిటో తెలుసా? అమ్మానాన్నలకు పొలం కొనిపెట్టింది.

2025లో ప్రపంచ పారా పోటీలు మొదటిసారి మన దేశానికి వచ్చాయి, ఢిల్లీలో జరిగాయి. దీప్తికి వెండి పతకం వచ్చింది. బంగారం మళ్లీ ఆ టర్కీ అమ్మాయి ఒండర్‌దే. కోబెలో ఈమె ముందు, పారిస్‌లో, ఢిల్లీలో ఆమె ముందు. ఇద్దరూ ఇంకా పరుగెత్తుతూనే ఉన్నారు.