కాంతి కాలావధి: మొక్కలు రాత్రిని కొలిచే తీరు

పగలు, రాత్రి నిడివిలో వచ్చే మార్పును పసిగట్టి మొక్క పూతకు రావడాన్ని కాంతి కాలావధి లేదా ఫొటోపీరియాడిజం అంటారు. మొక్కలోనే ఉండే ఒక జీవ గడియారం దీనికి ఆధారం. రంగారెడ్డి జిల్లా మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లో, ఎంకపల్లి చుట్టుపక్కల చేలల్లో ఇది ఏటా కళ్లముందు జరిగే సంగతే. ఈ ప్రాంతపు చామంతి, బంతి హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్తాయి. మెట్టచేలల్లో కంది పండుతుంది.

ఈ ప్రాంతం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. జూన్ మూడో వారంలో పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబరులో 11 గంటల పైచిలుకు. లండన్‌లో ఎనిమిది గంటలు దాటే ఈ తేడా ఇక్కడ రెండు గంటలే. చామంతికీ, కందికీ, గోంగూరకూ ఆ రెండు గంటలే చాలు.

ఈ మార్పును పసిగట్టే గడియారం జాడ ముందు ఆకుల కదలికలో కనిపించింది. చింతాకు రాత్రి ముడుచుకోవడాన్ని క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే, అలెగ్జాండర్ నౌకాదళానికి చెందిన ఆండ్రోస్థెనీస్ గమనించాడు. ఆకు తొడిమ మొదట్లో ఉబ్బుగా ఉండే కణజాలంలోకి పొటాషియం, నీరు చేరడం, అక్కడినుంచి తొలగడం వల్ల ఈ కదలిక వస్తుంది. చీకట్లో ఉంచినా అత్తిపత్తి ఆకులు రోజూ వేళకు విచ్చుకుంటాయని 1729లో ఫ్రాన్స్‌లో ద మెరాన్ చూపాడు. అంటే లయ మొక్క లోపలే ఉంది. వెలుతురు దాన్ని రోజూ సరిదిద్దుతుంది. ఉదయం పనిచేసే జన్యువులూ సాయంత్రం పనిచేసే జన్యువులూ వంతులవారీగా ఒకదాన్నొకటి అణచడం వల్ల దాదాపు 24 గంటల చక్రం తిరుగుతుంది.

వెలుతురును పట్టేవి కొన్ని ప్రొటీన్లు. క్రిప్టోక్రోమ్ నీలి కాంతిని గ్రహిస్తుంది. ఫైటోక్రోమ్ 660 నానోమీటర్ల ఎరుపు కాంతి పడితే చురుకైన రూపానికి మారుతుంది, 730 నానోమీటర్ల దూర ఎరుపు కాంతి పడితే వెనక్కి వస్తుంది. అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధకులు 1952లో లెట్యూస్ విత్తనాల మీద ఈ రెండు రకాల కాంతి మార్చిమార్చి వేశారు. విత్తనం మొలకెత్తేదీ లేనిదీ చివర పడిన కాంతే తేల్చింది. వృక్షశాస్త్రంలో ఇంత తేటగా జవాబు చెప్పిన ప్రయోగాలు అరుదు.

పగటి నిడివికీ పూతకూ ఉన్న సంబంధాన్ని గార్నర్, అల్లార్డ్ 1920లో పొగాకు, సోయా మీద నిరూపించారు. అయితే మొక్క అసలు కొలిచేది రాత్రిని. 1938లో హామ్నర్, బోనర్ జరిపిన ప్రయోగంలో, పొడవాటి రాత్రి నడుమ కొద్దిసేపు దీపం వెలిగిస్తే మరుల మాతంగి పూయలేదు. ఈ కొలత జరిగేది ఆకులో. అక్కడ పుట్టిన సంకేతం కొమ్మ చివరికి చేరుతుందని 1930లలో రష్యాలో చైలఖ్యాన్ ఊహించి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అది ఎఫ్‌టీ అనే ప్రొటీన్ అని 2007లో తేలింది. వరిలోనూ అలాంటిదే ఉంది.

చామంతి హ్రస్వ దీప్తికాల మొక్క: రాత్రి తగినంత పొడవైతేనే మొగ్గ తొడుగుతుంది. చాలా రకాలకు పగటి హద్దు 13, 14 గంటల మధ్య ఉంటుంది. మన పగళ్లు నడివేసవిలోనూ ఆ హద్దును పెద్దగా దాటవు. కాబట్టి చల్లటి దేశాల్లోలా మొక్క దానంతటదే నెలల తరబడి ఆకులకే పరిమితం కాదు. కొమ్మలు నిండకముందే మొగ్గ వేస్తే పూల దిగుబడి పడిపోతుంది. దక్షిణాదిన చామంతి రైతులు చేనంతా బల్బులు వేలాడదీసేది ఇందుకే. రాత్రి 10 నుంచి 2 దాకా అవి వెలిగితే, ఒక పెద్ద రాత్రి మొక్క లెక్కలో రెండు చిన్న రాత్రులవుతుంది. బల్బులు ఆపాక రకాన్ని బట్టి 7 నుంచి 12 వారాల్లో పూలు కోతకొస్తాయి. రోజులు ముందుగా లెక్కించుకుని పండక్కి పూలు అందించవచ్చు. గులాబీకి మాత్రం పగటి నిడివి పట్టదు, పాలీహౌసులో ఏడాది పొడవునా పూస్తుంది.

కందిదీ చామంతి స్వభావమే. తొలకరిలో విత్తిన దీర్ఘకాలిక రకాలు వానాకాలమంతా ఏపుగా పెరిగి, రాత్రులు పెరిగాకే పూతపడతాయి. సెప్టెంబరులో విత్తిన యాసంగి కంది పొట్టిగా ఉండగానే పూస్తుంది. అందుకే దానికి సాళ్లు దగ్గర చేసి విత్తనం ఎక్కువ వేస్తారు. పగటి నిడివితో పని లేని కంది కోసం పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చాలా ఏళ్లు శ్రమించింది. 2025లో అది ప్రకటించిన ఐసీపీవీ 25444 రకం 45 డిగ్రీల ఎండను తట్టుకుని, 125 రోజుల్లో కోతకొస్తుంది. వేసవిలోనూ కంది వేసుకునే వీలు దీనితో వచ్చింది.