హజారీబాగ్ నుంచి వచ్చిన ఉత్తరం

టాటానగర్ స్టేషన్ పేరు మనకు కొత్త కాదు. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో పనికి వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. ఆ ఊరున్న జార్ఖండ్ 2000 నవంబరు 15 వరకు బీహారులో భాగం. ఆ రాష్ట్రంలోనే హజారీబాగ్ సెంట్రల్ జైలు ఉంది. 1942లో జయప్రకాశ్ నారాయణ్ గోడ దాటి తప్పించుకున్నది ఈ జైలు నుంచే. నలభై ఏళ్ల తరువాత, బయటపడే దారిలేని కొందరు ఖైదీల వల్ల అది మళ్ళీ చరిత్రకెక్కింది.

1982 జనవరిలో వీణా సేథీ అనే మహిళ, హజారీబాగ్‌లోని ఉచిత న్యాయసహాయ సంఘం తరఫున, సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎన్. భగవతికి ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా స్వీకరించింది. మతిస్థిమితం లేదన్న కారణంతో కొందరు రెండు మూడు దశాబ్దాలుగా ఆ జైలులోనే మగ్గుతున్నారని వెల్లడైంది.

ఇది ఎలా జరిగింది? నిందితుడు తన వాదన వినిపించుకునే స్థితిలో లేకపోతే విచారణ ఆపాలి. కుదుటపడ్డాక మళ్ళీ కోర్టు ముందు నిలపాలి. చట్టం చెప్పింది ఇదే. ఇక్కడ మొదటి సగమే అమలైంది. కొందరు కుదుటపడ్డారని తేలిన తరువాత కూడా తలుపు తెరుచుకోలేదు. ఎవరూ కొట్టకపోయినా, తిట్టకపోయినా, కాగితం కదలకపోవడమే ఒక మనిషి జీవితాన్ని మింగేస్తుందని ఈ కేసు చూపింది. అక్రమ నిర్బంధంలో ఉన్నవారిని విడుదల చేయాలనీ, సొంత ఊళ్ళకు చేరడానికి దారి ఖర్చులు ప్రభుత్వమే ఇవ్వాలనీ కోర్టు ఆదేశించింది.

జైలు వద్దంటే ఆసుపత్రి ఉండాలి కదా! రాంచీ దగ్గర కాంకేలో మానసిక వైద్యశాల ఉన్నా, అక్కడి రోగుల దుస్థితిపైనా 1980లలో సుప్రీంకోర్టే జోక్యం చేసుకోవలసి వచ్చింది. ఏ నేరమూ చేయని మానసిక రోగులను జైళ్ళలో ఉంచడం చట్టవిరుద్ధమని 1993లో షీలా బర్సే కేసులో అది తీర్పు చెప్పింది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మరో అడుగు వేసింది. మానసిక వ్యాధి ఉన్న ఖైదీలను జైలు వైద్య విభాగంలోని మానసిక చికిత్స వార్డుకు, అది లేనిచోట తగిన వైద్యశాలకు తరలించాలి. మానసిక వ్యాధి ఉన్న ఖైదీలెవరూ జైలులో లేరని జైలు వైద్యాధికారి ప్రతి మూడు నెలలకూ సమీక్షా బోర్డుకు ధ్రువీకరించాలి. ఫలానా తేదీకి ఫలానా అధికారి జవాబు చెప్పాలన్న నియమం ఉంటే మనిషిని మరచిపోవడం కష్టం.

అయితే ఆ నివేదికను ఎవరైనా చదవాలి, అడగాలి. 1982లో అడిగినది ఒక ఉత్తరం. మీ జిల్లా జైలులో ఈ నియమం ఎలా అమలవుతోందో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం, 2005 మీకూ దారి చూపుతుంది.