ఒక ఫ్రేము, ఒక మీటరు

గంటకి 200 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు సెకనుకి 55 మీటర్లకి పైగా దాటుతుంది. కంప్యూటరు తెర మీద బొమ్మ సెకనుకి 60 సార్లు మారుతుందనుకుంటే, ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య ఆ కారు సుమారు 93 సెంటీమీటర్లు ముందుకెళ్ళిపోతుంది. 30 సార్లే మారితే దాదాపు రెండు మీటర్లు. బ్రేకు ఎక్కడ నొక్కాలో తెలియడమే సగం రేసింగ్. అలాంటిది ఆ రెండు మీటర్లూ కళ్ళు మూసుకుని నడిపినట్టే. రేసింగ్ సిమ్యులేటర్ల చరిత్ర అంతా ఈ చిన్న లెక్క చుట్టూ తిరిగిందని నాకనిపిస్తుంది. మొదటి గేమింగ్ పీసీ కొనుక్కునేవాళ్ళకి షాపువాడి సలహా కన్నా ఆ చరిత్రే ఎక్కువ పనికొస్తుందని కూడా.

ఇదంతా చదవడానికి కారణం మా మేనల్లుడు. అల్లూరులో ఉంటాడు, ఇంటర్ చదువుతున్నాడు. 2024 వేసవిలో ఫోన్ చేసి, "మావా, రేసింగ్ సిమ్‌కి ఏ గ్రాఫిక్ కార్డు తీసుకోమంటావు?" అనడిగాడు. వెనక నుంచి మా బావ గొంతు వినపడింది: "ఆటకి లచ్చ రూపాయలు ఏందబ్బా?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెండింటికీ జవాబు ఒకేచోట దొరికింది.

సిమ్యులేటర్ పుట్టింది ఆటగా కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన కుటుంబానికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆర్గన్‌లో గాలి ఊదే తిత్తులుంటాయి కదా, వాటినే వాడి 1929లో ఆయన ఒక బుల్లి విమానం పెట్టె తయారుచేశాడు. నేల మీదే ఉండి వంగుతుంది, తిరుగుతుంది. మొదట్లో అది వినోద పార్కుల్లో బొమ్మగా తిరిగింది. 1934లో తపాలా మోసే సైనిక పైలట్లు చెడ్డ వాతావరణంలో వరసగా చనిపోయాక గానీ సైన్యం దాన్ని కొనలేదు. గమనించాల్సిందేమిటంటే, ఆ పెట్టెకి మూత వేసేస్తే లోపల కూర్చున్నవాడికి బయట ఏమీ కనపడదు. చేతికి తగిలే కదలికా, ఎదురుగా ఉన్న మీటర్లూ, అంతే. బొమ్మ లేకుండానే తరాల కొద్దీ పైలట్లు తయారయ్యారు.

కార్ల దగ్గరికొస్తే, 1976లో అటారీ వాళ్ళ 'నైట్ డ్రైవర్' అనే ఆర్కేడ్ యంత్రం వచ్చింది. అప్పటి యంత్రానికి రోడ్డు గీసే శక్తి లేదు. అందుకని రాత్రి అనుకోమన్నారు. నల్లటి తెర మీద రోడ్డుకి అటూ ఇటూ తెల్లటి రాళ్ళలాంటి గుర్తులు మాత్రమే కదులుతాయి. మన కారు కూడా ప్రోగ్రాములో లేదు, అది తెర మీద పెట్టిన ప్లాస్టిక్ బొమ్మ. అయినా మలుపు వచ్చేసరికి గుండె జారేది. 1982లో నామ్కో 'పోల్ పొజిషన్' వచ్చి జపాన్‌లోని ఫుజీ ట్రాకుని రంగుల్లో చూపించింది. అక్కడినుంచి దారి రెండుగా చీలింది. ఒకటి బొమ్మల దారి, రెండోది లెక్కల దారి.

లెక్కల దారి పట్టినవాడు ఇంగ్లండులో జెఫ్ క్రామండ్. 1984లో బీబీసీ మైక్రో అనే కంప్యూటరు మీద 'రెవ్స్' రాశాడు. 32 కిలోబైట్ల మెమరీ. ఈరోజు మన వాట్సాప్‌లో తిరిగే గుడ్ మార్నింగ్ బొమ్మ అందులో పట్టదు. అంత ఇరుకులో అతను సిల్వర్‌స్టోన్ ట్రాకునీ, టైర్ల పట్టునీ, గాలి ఒత్తిడినీ కూర్చాడు. చెట్లూ జనాలూ వదిలేశాడు. విచిత్రమేమిటంటే, మన ప్రభుత్వం సరిగ్గా ఆ రోజుల్లోనే 'క్లాస్' అనే ప్రాజెక్టు పెట్టి బడిపిల్లలకి కంప్యూటర్ నేర్పడానికి ఎంచుకున్న యంత్రం కూడా బీబీసీ మైక్రోనే. అంటే తొలి నిజమైన రేసింగ్ సిమ్యులేటర్ నడిచిన యంత్రమే మన బడుల్లోకీ వచ్చింది. మన పిల్లలు దాని మీద ఏం చేయాలో మాత్రం సిలబస్ నిర్ణయించింది.

తర్వాతి మలుపు 1998లో 'గ్రాండ్ ప్రీ లెజెండ్స్'. డేవిడ్ కేమర్ నాయకత్వంలో పాపిరస్ సంస్థ 1967 నాటి ఫార్ములా వన్ కార్లని తిరిగి కట్టింది. రెక్కల్లేని, జారిపోయే కార్లు అవి. తెర మీద బొమ్మ సెకనుకి 36 సార్లకి మించి మారదు. లోపల మాత్రం కారు లెక్క సెకనుకి 288 సార్లు నడుస్తుంది. అప్పటికున్న కంప్యూటర్లు దాన్ని మొయ్యలేకపోయాయి, చాలామంది ఆటగాళ్ళు మొదటి మలుపే దాటలేకపోయారు. సరిగా అమ్ముడుపోలేదు. కానీ తర్వాత వచ్చిన సిమ్యులేటర్లన్నిటి మీదా దాని నీడ ఉంది. అదే కేమర్ 2008లో తెచ్చిన 'ఐరేసింగ్' సెకనుకి 360 సార్లు లెక్కిస్తుంది. ఇటలీ వాళ్ళ 'అసెట్టో కోర్సా' 333 సార్లు. బొమ్మ ఎంత అందంగా ఉన్నా లేకపోయినా, ఈ గడియారం తడబడకూడదు. తడబడితే చేతిలో స్టీరింగ్ అబద్ధం చెప్తుంది.

మేమంతా పెరిగింది బొమ్మల దారిలో. 2005 తర్వాత నెల్లూరు ట్రంకు రోడ్డు నెట్ కేఫుల్లో గంటల లెక్కన డబ్బులు కట్టి 'నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్' ఆడిన తరం మాది. గోడకి గుద్దుకుంటే కారు గోడని రాసుకుంటూ మలుపు తిరిగిపోయేది. బ్రేకు అనే మీట ఒకటుందని సగంమందికి తెలీదు. ఆ ఆటల మీద నాకు చిన్నచూపు లేదు, వాటి పని వేరు. కానీ "గేమింగ్ పీసీ అంటే గ్రాఫిక్ కార్డే" అన్న నమ్మకం మనకి అక్కడే పాతుకుపోయింది.

ఇప్పుడు బావ ప్రశ్న. ఆటకి లక్ష ఎందుకు? దీనికి జవాబు చెప్పాలంటే మన వైపు రేసింగ్ ఎవరిదో చూడాలి. నెల్లూరు నుంచి చెన్నై వెళ్ళే హైవే మీద రెడ్‌హిల్స్‌కి కాస్త ముందు షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది అక్కడ. యుద్ధం అయ్యాక దశాబ్దాల పాటు దక్షిణాదిలో కార్ల రేసులంటే అదే. జనం వేలల్లో వచ్చి చూసేవాళ్ళు. నడిపినవాళ్ళలో మహారాజులుంటారు, పారిశ్రామికవేత్తలుంటారు. విజయ్ మాల్యా పాత ఫార్ములా వన్ కారొకటి తెప్పించి నడిపింది అక్కడే. 1990 నుంచి శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో శాశ్వత ట్రాకు వచ్చింది. ఉత్తరాన బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ 2011 నుంచి 2013 దాకా మూడేళ్ళు నడిచి ఆగిపోయింది. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది రేసు రద్దయింది. అంటే తెలుగు నేల మీద ప్రపంచస్థాయి రేసు ఒక్క మధ్యాహ్నం ఉండి వెళ్ళిపోయింది. అల్లూరు కుర్రాడికి అది టీవీలో చూసే దూరమే, షోలవరం ఎంతో ఇదీ అంతే.

ఆ దూరాన్ని సిమ్యులేటర్ కొంత తగ్గించిందనడానికి సాక్ష్యాలున్నాయి. అమెరికాలో విలియం బైరన్ అనే కుర్రాడు నిజం కారు ఎక్కకముందు ఐరేసింగ్‌లో వందకు పైగా రేసులు గెలిచాడు. 2024లో, మళ్ళీ 2025లో డేటోనా 500 గెలిచాడు. కానీ అతను పుట్టింది షార్లట్‌లో. నాస్కార్ జట్ల కార్ఖానాలు ఆ ఊరి చుట్టుపక్కలే. సిమ్ తలుపు తీస్తుంది, తలుపు బయట రోడ్డు ఉండాలి కదా. మా వాడికి ఈ మాట దాచకుండా చెప్పాను. "రేసర్ అవ్వకపోయినా పర్లేదు మావా, బాగా నడపడం ఏందో తెలియాలి" అన్నాడు. నాకు అది సరిపోయింది.

ఇక కొనుగోలు. చరిత్ర చెప్పిన వరసలోనే డబ్బు పెట్టాం. బడ్జెట్ రూ. 1,20,000, అందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. ముందు స్టీరింగూ పెడళ్ళూ పక్కన పెట్టాం, పావు వంతు దానికే. 2015 నుంచి దొరుకుతున్న లాజిటెక్ జీ29 తీసుకున్నాం. లోపల పళ్ళచక్రాలుంటాయి, కాస్త గరగరమంటుంది, అయినా టైరు జారే సంగతి చేతికి చెప్తుంది. మోటారు నేరుగా చక్రానికే తగిలించిన డైరెక్ట్ డ్రైవ్‌వి ఇంకా బావుంటాయి, మా జేబుకి అందలేదు. రెండోది ప్రాసెసర్, ఎందుకంటే ఆ సెకనుకి 333 లెక్కలు చేసేది అదే. రైజెన్ 5 7600 సరిపోయింది. మూడోది తెర. 4కే వద్దనుకుని 1080పీలో 144 హెర్ట్జ్‌ది తీసుకున్నాం. 144 ఫ్రేములొస్తే మొదట చెప్పిన 93 సెంటీమీటర్లు 39కి దిగుతాయి. గ్రాఫిక్ కార్డు ఈ మూడింటి తర్వాతే వచ్చింది. ఆర్‌టీఎక్స్ 4060 ఆ తెరకి చాలు. భాగాలన్నీ చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నాం. హైదరాబాదు వాళ్ళకి సికింద్రాబాదు సీటీసీ ఎలాగో, నెల్లూరు జిల్లాకి రిచీ స్ట్రీట్ అలాగ.

మిగిలింది అల్లూరు నేర్పిన పాఠం. కరెంటు పోయి ఇంటి ఇన్వర్టర్ అందుకునే లోపలే పీసీ ఆరిపోవచ్చు, కాబట్టి విడిగా ఒక యూపీఎస్. సముద్రం దగ్గర్లోనే, గాలిలో ఉప్పుంటుంది, కాబట్టి డబ్బా కిటికీకి దూరంగా. చక్రాల కుర్చీలో కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కితే కుర్చీ వెనక్కి పోతుంది, అందుకని ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ, గోడకి ఆనించి. స్టీరింగ్ బిగించడానికి ఊళ్ళో వడ్రంగి చేసిన చెక్క బల్ల.

బావకి ఇదంతా అర్థమైంది గ్రాఫిక్స్ చూసి కాదు. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. ఖరీదైన కార్డు వదిలేసి ఫ్రేములు నిలకడగా ఉండేలా ఎందుకు చూశామో చెప్తుంటే మధ్యలో ఆపి, "అంటే ఏరేటర్ లాగా. ఎంత పెద్దది పెట్టామని కాదు, ఆగకుండా తిరగాల. తెల్లారుజామున పది నిమిషాలు ఆగిందంటే చెరువు పోయినట్టే" అన్నాడు. నలభై ఏళ్ళ కింద 32 కిలోబైట్ల ముందు కూర్చుని చెట్లు వదిలేసిన క్రామండ్ ఈ మాటకి తలూపేవాడనుకుంటాను. మా వాడు ఇప్పుడు సిల్వర్‌స్టోన్‌లో మొదటి ల్యాపు గోడకి తగలకుండా పూర్తిచేసే పనిలో ఉన్నాడు. తెరలో చెట్లు తక్కువ నాణ్యతలో పెట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే.