వార్ధక్యమున మూత్రపిండపు మార్పిడి

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఏ యింటనైనను పెద్దవారికి మూత్రపిండములు చెడినచో, రక్తశుద్ధికై వారమునకు రెండు మూడు మారులు ఆసుపత్రికి తిరుగవలసివచ్చును. “మరొకరి మూత్రపిండము అమర్పింపరాదా?” అని బిడ్డలడుగుదురు. “ఈ వయస్సున నాకెందుకు?” అని పెద్దలందురు. ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రమిచ్చిన సమాధానము కాలక్రమమున మారుచు వచ్చినది.

1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టను నగరమున జోసెఫ్ మర్రే అను శస్త్రవైద్యుడు రోనాల్డ్ హెరిక్ మూత్రపిండమును అతని కవల సోదరుడగు రిచర్డ్‌కు అమర్చెను. ఇరువురును అచ్చముగా ఒకే పోలిక కవలలగుటచే దేహము దానిని పరాయిదిగా ఎంచలేదు. రిచర్డ్ ఎనిమిదేండ్లు జీవించెను. దాత 2010 వరకు జీవించెను. ఇతరుల విషయమున మాత్రము దేహరక్షణ కణములు క్రొత్త అవయవముపై దండెత్తెడివి. ఆ దాడిని అణచుటకు 1960 తరువాత అజథయోప్రిన్, 1980 తరువాత సైక్లోస్పోరిన్ అను మందులు వాడుకలోనికి వచ్చినవి. మన దేశమున 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో సజీవ దాత మూత్రపిండమును జయప్రదముగా అమర్చిరి.

ఆ తొలి దశకములలో 50 ఏండ్లు దాటిన రోగులను అంగీకరించుట అరుదు. వారు మందులను తట్టుకొనలేరని భయము. అందు కొంత సత్యము కలదు. ఱొమ్ములో గుండెకు పైభాగమున థైమస్ అను గ్రంథి యున్నది. దేహమును కాచు టీ కణములు శిక్షణ పొందెడి పాఠశాల యది. 1961లో జాక్ మిల్లర్ దాని ప్రయోజనమును వెల్లడించెను. వయస్సు పెరిగినకొలది ఆ గ్రంథి కృశించి క్రొవ్వుగా మారును. క్రొత్త భటులు తగ్గి, పూర్వపు శత్రువులను మాత్రమే ఎరిగిన పాత భటులు మిగులుదురు.

ఇందువలన వృద్ధుల దేహము పరాయి మూత్రపిండముపై తీవ్రముగా తిరుగబడుట తక్కువ. ఇది మేలు. కాని అదే దౌర్బల్యముచే అంటురోగములకును కేన్సరునకును అవకాశము హెచ్చును. యువకునికిచ్చినంత మందు వృద్ధునికిచ్చుట, అలసిన కావలివానిని కట్టివేయుటయే యగును. అట్లని మందు మానరాదు. తిరస్కారము అరుదైనను, సంభవించినచో ముదిమిలో తేరుకొనుట కష్టము. మోతాదును ఎప్పటికప్పుడు పరీక్షించి తూచి యిచ్చుటయందే నేర్పున్నది.

ఈ జ్ఞానముతో పాత హద్దులు సడలినవి. 1999లో ఐరోపాలోని కొన్ని దేశములు 65 ఏండ్లు దాటిన దాతల మూత్రపిండములను అదే వయస్సు దాటిన రోగులకు త్వరగా అందించు ఏర్పాటు చేసినవి. మన రాష్ట్రమున 1995లో అవయవ మార్పిడి చట్టము వచ్చెను. మెదడు మరణించినవారి అవయవములను వరుసక్రమమున అందించుటకు 2013లో జీవన్‌దాన్ పథకము వెలసెను. మృతదాతల అవయవములకై పేరు నమోదు చేయించుకొనుటకున్న 65 ఏండ్ల హద్దును 2023లో కేంద్ర ప్రభుత్వము తొలగించెను.

కావున ఏండ్ల లెక్క యొక్కటే తీర్పు కాదు. గుండె, రక్తనాళములు, దేహపుష్టి, ఇంటివారి ఆదరణ అన్నియు చూచి వైద్యులు నిర్ణయింతురు. టీకాలను మార్పిడికి ముందే వేయించుకొనుట మేలు. మార్పిడి జరిగిన వృద్ధునికి ఒక్కొక్కప్పుడు జ్వరము రాకయే రోగము ముదురును. గోదావరి పాయలు దాటి దూరపు పట్టణములకు పోవలసిన మన సీమవారు నీరసము, ఆకలి మందగించుట, మూత్రము తగ్గుట వంటి చిహ్నములు కనబడిన నాడే వైద్యునికి తెలుపవలెను. రేపటికి వాయిదా వేయరాదు.