సర్కారు చేతికి హద్దు: కలకత్తా నుండి ఉత్తర సర్కారుల వరకు

ప్రజల ఆస్తిపై ప్రభుత్వానికి ఎంతవరకు అధికారం ఉండాలి? బ్రిటిష్ పాలనలోని భారతదేశంలో ఈ ప్రశ్నకు శాసనరూపమైన సమాధానం కలకత్తాలో వెలువడింది. 1793లో లార్డ్ కారన్‌వాలిస్ ప్రకటించిన శాశ్వత శిస్తు నిర్ణయాన్ని పాఠ్యగ్రంథాలు సాధారణంగా పన్ను వసూలు ఏర్పాటుగానే వర్ణిస్తాయి. అది పన్ను ఏర్పాటే. కాని దాని వెనుక ఒక రాజకీయ సిద్ధాంతం నిలిచి ఉంది. ఆస్తికి భద్రత లేనిచోట స్వేచ్ఛ ఉండదనీ, సర్కారు కోరికకు హద్దు లేనిచోట ఆస్తికి భద్రత ఉండదనీ ఇంగ్లండులోని విగ్ పక్షంవారు నమ్మేవారు. ఆ నమ్మకమే హుగ్లీ తీరానికి వచ్చి, అక్కడ శాసనమై, పదేళ్లు తిరగకముందే గంజాం మొదలు కృష్ణా వరకు గల తెలుగు సీమలకు చేరింది.

1765లో దివానీ హక్కు పొందిన నాటినుండి ఈస్టిండియా కంపెనీకి వంగభూమి ఎంత ఇవ్వగలదో తెలుసుకోవాలన్న ఆత్రమే తప్ప, ఎంత తీసుకోవడం న్యాయమన్న విచారణ లేదు. 1770 నాటి ఘోరక్షామం ముగిసిన కొద్దికాలానికే, 1772లో, వారన్ హేస్టింగ్స్ ఐదేళ్ల ఇజారాలకు వేలం వేయించాడు. హెచ్చు పాట పాడినవారికి పరగణాలు దక్కాయి. పాడిన సొమ్ము చెల్లించలేక వారిలో అనేకులు బకాయిపడ్డారు.

1774 అక్టోబరులో పాలకమండలి సభ్యుడుగా కలకత్తాలో దిగిన ఫిలిప్ ఫ్రాన్సిస్ ఈ పద్ధతిని మూలంలోనే తప్పుపట్టాడు. 1776 జనవరి 22న అతడు సమర్పించిన ప్రణాళికలో శిస్తుకు ప్రమాణం భూమి శక్తి కాదు, ప్రభుత్వపు అవసరం. పరిపాలనకు ఎంత కావాలో లెక్కకట్టి, అంతకు మించి అడగరాదు; ఆ మొత్తాన్ని శాశ్వతంగా నిర్ణయించాలి; భూమి జమీందారుల సొత్తని అంగీకరించాలి. అదే సంవత్సరం శిస్తు లెక్కల సేకరణకు హేస్టింగ్స్ అమీనీ కమిషన్‌ను నియమించగా ఫ్రాన్సిస్ దానిని కూడా వ్యతిరేకించాడు. అవసరాన్ని మాత్రమే అడగదలచిన ప్రభుత్వానికి ప్రతి ఇంటి గాదె ఎంత నిండిందో తెలియవలసిన పనిలేదు. ఇద్దరి వైరం వాదాలతో ఆగలేదు. 1780 ఆగస్టు 17న అలీపూరులో పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధానికి దిగారు. ఫ్రాన్సిస్ గాయపడి, ఆ ఏడాది చివర కలకత్తాను విడిచిపోయాడు. ఆ పేటలో డ్యుయెల్ అవెన్యూ అన్న వీధిపేరు ఆ ఘటనకు గుర్తుగా నిలిచింది. ఫ్రాన్సిస్ రాతలలో సిద్ధాంతం పాలెంతో హేస్టింగ్స్‌పై ద్వేషం పాలెంతో విడదీయడం సులభం కాదు. అయినా మనిషి ఓడి వెళ్లినంత మాత్రాన అతని కాగితం ఓడిపోలేదు. ఆ కాగితం వెనుక ఉన్న భావాల చరిత్రను రణజిత్ గుహ 1963లో ప్రచురించిన గ్రంథంలో సవిస్తరంగా నిరూపించారు. గుహ స్వయంగా ఆ శిస్తు విధానపు నీడలో పెరిగిన కుటుంబంలోనివారు కావడం ఆ గ్రంథానికి ఒక ప్రత్యేకతనిచ్చింది.

1786లో గవర్నర్ జనరల్‌గా వచ్చిన కారన్‌వాలిస్ ముందు పదేళ్ల నిర్ణయం చేశాడు. లెక్కలు, హక్కులు తేలకుండా దానిని శాశ్వతం చేయవద్దని జాన్ షోర్ గట్టిగా వారించాడు. ఆ మాట చెల్లలేదు. 1793 మార్చి 22న శాశ్వత నిర్ణయం ప్రకటితమైంది. వంగ, బిహారు, ఒరిస్సాలకు సుమారు 2 కోట్ల 68 లక్షల సిక్కా రూపాయలు ఖాయపరచి, వసూలైన కౌలులో పదకొండింట పది వంతులు సర్కారుకు, ఒక వంతు జమీందారుకు అని లెక్క వేశారు. కొత్తగా సాగులోకి వచ్చిన భూమిపై వచ్చేదంతా జమీందారుదే.

ఆ ఏడాది మే 1న వెలువడిన రెగ్యులేషన్లలో మొదటిదే ఎక్కువ ప్రసిద్ధి పొందింది. నిజానికి సిద్ధాంతం చదవవలసింది రెండవ రెగ్యులేషన్‌లో. శిస్తు వసూలు చేసే అధికారే శిస్తు తగాదాలకు న్యాయమూర్తి అయితే ఏ ఆస్తీ సురక్షితం కాదని అది చెప్పింది. కలెక్టర్ల మాల్ అదాలతులు రద్దయ్యాయి. శిస్తు వ్యాజ్యాలు దివానీ అదాలతులకు చేరాయి. శాసనకర్తగా తాను ఇచ్చిన హక్కును పాలకుడుగా తానే హరించే శక్తిని ప్రభుత్వం స్వయంగా వదులుకుంది. కంపెనీ అధికారిపై సామాన్యుడు దావా వేయవచ్చునన్నది. ఒక వర్తక సంఘం కత్తితో గెలిచిన దేశంలో తన చేతికి తానే వేసుకున్న ఈ కట్టు చిన్న విషయం కాదు.

అయితే ఈ కట్టు జమీందారు గడప దగ్గర ఆగిపోయింది. పైన సర్కారు కోరికకు హద్దు ఏర్పడింది, కింద జమీందారు కోరికకు ఏర్పడలేదు. రైతుకు పట్టా ఇవ్వాలన్నారు. అవసరమైతే రైతు రక్షణకు శాసనం చేసే హక్కును ప్రభుత్వం అట్టేపెట్టుకుంది. ఆచరణలో మొదట వచ్చిన శాసనాలు దీనికి విరుద్ధమైనవి. గడువునాటి సూర్యాస్తమయానికి శిస్తు చేరకపోతే ఎస్టేటు వేలానికి వచ్చేది. నదియా, రాజషాహీ వంటి ప్రాచీన సంస్థానాలే ముక్కలై కలకత్తా ధనికుల పాలయ్యాయి. జమీందారులు మొరపెట్టుకోగా, రైతు పంటను జప్తు చేసే అధికారాన్ని 1799 నాటి ఏడవ రెగ్యులేషన్ వారికి విస్తరించి ఇచ్చింది. రైతులు దానిని ‘హప్తం’ అనే పేరుతో తలచుకొని భయపడేవారు. ఆస్తి పవిత్రమన్న సూత్రమే ఒకరి చేతిలో కవచమై, మరొకరి మీద కొరడా అయింది.

ఈ లోపాన్ని సిద్ధాంతాన్ని వదలకుండానే ఎత్తిచూపినవారు రామమోహన్ రాయ్. ఆయన స్వయంగా భూస్వామి. 1823లో పత్రికలకు లైసెన్సు నిబంధన విధించినప్పుడు ద్వారకానాథ్ ఠాకూరు మొదలైనవారితో కలిసి సుప్రీంకోర్టుకు విన్నపం సమర్పించి, అది ఫలించక తన పారసీ పత్రిక ‘మిరాతుల్ అక్బార్’ను మూసివేశారు. 1830లో హిందువులకు పిత్రార్జితంపై గల హక్కును గురించి గ్రంథం రాసి, దాయభాగం ప్రకారం తండ్రికి తన ఆస్తిని విక్రయించే స్వాతంత్ర్యం ఉందని వాదించారు. 1831లో ఇంగ్లండులో పార్లమెంటు సంఘానికి ఇచ్చిన సమాధానాలలో ఇంకొక మెట్టు ఎక్కారు. జమీందారు చెల్లించే శిస్తు శాశ్వతమైనట్లే రైతు చెల్లించే కౌలు కూడా శాశ్వతం కావాలనీ, ఏ నెపంతోనూ దానిని పెంచరాదనీ కోరారు. వంగదేశంలో రైతు జమీందారుల దురాశకు లోబడితే, మద్రాసు రైత్వారీలో అమీనుల, శిస్తు ఉద్యోగుల బలవంతపు వసూళ్లకు లోబడుతున్నాడని రెండింటినీ ఒకే త్రాసులో తూచారు. ఏ పక్షానికీ ఈ తూకం రుచించి ఉండదు.

నలభై ఏళ్ల తరువాత బంకించంద్రుడు ‘వంగదర్శన్’లో రైతు దుఃస్థితిని గురించి వ్యాసాలు రాస్తూ, శాశ్వత నిర్ణయం రైతులతో జరగవలసింది, జమీందారులతో జరగడమే పొరపాటు అన్నాడు. అంతటివాడూ దానిని రద్దు చేయమని మాత్రం అడగలేదు. ఒకసారి ఇచ్చిన మాటను ప్రభుత్వం తప్పితే ఇక ఏ మాటకూ విలువ ఉండదని, సమాజంలో కల్లోలం రేగుతుందని ఆయన భయం. సంప్రదాయవాదపు తర్కానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ అరుదు. 1859, 1885 కౌలుదారీ చట్టాలతో రైతుకు కొంత ఊరట కలిగింది. 1953 ఎస్టేట్ల చట్టంతో పశ్చిమ బెంగాలులో జమీందారీ అంతరించింది. ఆ చట్టం చేసిన నాటి ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ పేరనే ఉత్తర కలకత్తాలోని కారన్‌వాలిస్ వీధి ఈనాడు బిధాన్ సరణి అయింది.

కలకత్తా సూత్రం తెలుగు నేలపై కాలుమోపింది 1802లో. ఆ సంవత్సరపు ఇరవై ఐదవ రెగ్యులేషన్ ప్రకారం ఉత్తర సర్కారులలోని జమీందారులకు సనదులు ఇచ్చి పేష్కష్ ఖాయపరిచారు. హవేలీ భూములను ముఠాలుగా విభజించి వేలం వేశారు. ఇక్కడా కథ అదే. 1832–33 నాటి డొక్కల కరువు తరువాత గుంటూరు జమీందారీలు బకాయిలలో కూరుకుపోయి సర్కారు వశమయ్యాయి.

దత్త మండలాలలో మాత్రం థామస్ మన్రో మరొక దారి తొక్కాడు. 1800 నుండి 1807 వరకు అక్కడ పనిచేస్తూ రైతుతోనే నేరుగా శిస్తు కుదుర్చుకున్నాడు. ఆ శిస్తు భారమైనదని తానే గ్రహించి, వెళ్లేముందు నాలుగవ వంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. భూమి రైతుదైంది. కాని కారన్‌వాలిస్ విడదీసిన అధికారాలను మన్రో తిరిగి కలిపాడు. ఆయన ప్రేరణతో 1816లో వచ్చిన రెగ్యులేషన్లతో కలెక్టరే మేజిస్ట్రేటు అయ్యాడు. ఆ విధంగా తీరాంధ్రలో అదాలతు కవచం ఉండి రైతుకు భూమి లేదు. రాయలసీమలో రైతుకు భూమి ఉండి కలెక్టరుకు అడ్డు లేదు.

1908 మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం జమీందారీ రైతుకు సాగుహక్కును గుర్తించింది. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయిన టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన సంఘం మరుసటి ఏడు నివేదిక ఇచ్చింది. భూమికి యజమాని రైతేననీ, 1802లో పేష్కష్‌తోపాటు రైతు శిస్తు కూడా శాశ్వతమైందనీ, ఆనాటి మట్టానికే దానిని తగ్గించాలనీ ఆ నివేదిక సారాంశం. రామమోహనుడు కావాలని కోరినది ఎప్పుడో జరిగిపోయిందని ప్రకాశం వాదించారు. చరిత్రగా ఇది తర్కించదగినదే. న్యాయంగా దాని బలం కాదనలేనిది. శాసనం కాకముందే 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం ఆ భూములను రైత్వారీ చేసింది.

జమీందారులపై రైతు ఉద్యమం నడిపిన ఎన్.జి. రంగా 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి దానికి అధ్యక్షులయ్యారు. ఆ ఏడాది నాగపూర్ కాంగ్రెసు ఆమోదించిన సహకార వ్యవసాయ తీర్మానం రైతు సొంత భూమిని కబళిస్తుందన్నది వారి ఆక్షేపణ. ‘ఎస్టేటు’ అన్న మాటలో రైత్వారీ భూమిని కూడా చేర్చే పదిహేడవ రాజ్యాంగ సవరణ వచ్చినప్పుడు రంగా దానిని తీవ్రంగా ప్రతిఘటించారు. జమీందారుకోసం పుట్టిన మాట రైతు నెత్తిన పడిందన్న ఆందోళన తీరాంధ్రలో బలంగా వినిపించింది. 1964లో సవరణ ఆమోదం పొందింది. అందులో ఒక నిబంధన చేరింది: పరిమితికి లోబడి రైతు స్వయంగా సాగుచేసుకునే భూమిని ప్రభుత్వం తీసుకోదలిస్తే, మార్కెట్ విలువకు తగ్గని పరిహారం చెల్లించాలి.